రక్తంలో ఒక్క అక్షరం

"పంట ఇంటికి వచ్చింది" అని వ్రాయవలసిన చోట మొదటి అక్షరం తప్పి "మంట ఇంటికి వచ్చింది" అని వ్రాస్తే ఎంత అనర్థం! తక్కిన అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. మారింది ఒక్కటే. అయినా సంతోషవార్త కాస్తా దుఃఖవార్త అయిపోయింది.

మన శరీరంలోనూ ఇటువంటి వ్రాత ఒకటి ఉంది. అందులో ఒక్క అక్షరం తారుమారైతే చక్కగా ఆడుకునే బిడ్డ ఉన్నట్టుండి కాళ్ళు చేతులు పట్టుకొని ఏడుస్తాడు. కళ్ళు పచ్చబడతాయి. జ్వరం వచ్చిపోతూ ఉంటుంది. రక్తం పట్టదు. ఈ జబ్బునే సికిల్ సెల్ ఎనీమియా అంటారు, తెలుగులో కొడవలి కణాల వ్యాధి అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోని ఏజెన్సీ గ్రామాలలోను, తెలంగాణలోని అడవి ప్రాంతాలలోను ఈ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఉన్నాయి. గిరిజనులలో ఎక్కువగా కనిపించినా, ఇది ఒక్క తెగకు పరిమితమైనది కాదు.

గాలి సోకిందనీ, ఎవరో చేతబడి చేశారనీ, తల్లి చేసిన పాపం బిడ్డకు తగిలిందనీ ఇటువంటి ఇళ్ళ గురించి చెప్పుకోవడం మనం వింటూనే ఉన్నాం. ఈ మాటలలో ఒక్కటీ నిజం కాదు. నిజమేమిటో శాస్త్రజ్ఞులు వంద సంవత్సరాలకు పైగా ఓర్పుతో వెదకి కనుగొన్నారు. ఆ కథ మన కుటుంబాలు తెలుసుకోదగినది.

కొడవలి ఆకారం

1904లో అమెరికాలోని షికాగో నగరంలో వెస్టిండీస్ నుండి వచ్చిన ఇరవై ఏండ్ల విద్యార్థి ఒకడు ఆసుపత్రిలో చేరాడు. దగ్గు, జ్వరం, నీరసంతో బాధపడుతున్నాడు. అతని రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే, గుండ్రంగా ఉండవలసిన ఎర్ర కణాలలో కొన్ని కొడవలిలా వంగి, కొనదేలి కనిపించాయి. జేమ్స్ హెర్రిక్ అనే వైద్యుడు 1910లో ఈ సంగతి ప్రచురించాడు. అప్పటికి కారణం ఎవరికీ తెలియదు.

ఎర్ర కణాలు వంగిపోతే ఏమిటి నష్టం? మామూలు కణం మెత్తగా ఉండి, సన్నని రక్తనాళాలలో కూడా ఒదిగి సాగిపోతుంది. కొడవలి కణం బిరుసుగా ఉండి ఇరుక్కుంటుంది. పంటకాలువలో కంప అడ్డుపడితే కింది మడికి నీరు అందనట్లే, ఆ నాళం ముందున్న భాగానికి రక్తం అందదు. అక్కడే భరించలేని నొప్పి పుడుతుంది. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బ్రతికితే, కొడవలి కణం 10 నుండి 20 రోజులలోనే చితికిపోతుంది. అందుకే బిడ్డకు రక్తం పట్టదు, కళ్ళు పచ్చబడతాయి.

మాంసకృత్తులంటే పప్పు, గుడ్డు మాత్రమే కాదు

ప్రోటీన్లు, అనగా మాంసకృత్తులు, పప్పులోను గుడ్డులోను ఉంటాయని బడిలో చదువుకున్నాం. అయితే మన దేహంలో జరిగే పనులలో అత్యధికం చేసేవి ఈ ప్రోటీన్లే. అన్నం అరిగించేవి, కండరం కదిలించేవి, రోగక్రిములతో పోరాడేవి ఇవే. ఊపిరితిత్తులలో ప్రాణవాయువు ఎత్తుకొని ఒళ్ళంతా పంచిపెట్టే ప్రోటీను పేరు హీమోగ్లోబిన్. ఒక్కొక్క ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు ఉంటాయి.

ప్రోటీనును పూసల దండ అనుకోండి. ఎమైనో ఆమ్లాలు అనే ఇరవై రకాల పూసలు ఉన్నాయి. ఏ పూస తరువాత ఏ పూస వస్తుందనే వరుసను బట్టి దండ ఒక ప్రత్యేకమైన రూపంలో ముడుచుకుంటుంది. ఆ రూపమే దాని పనికి ఆధారం. హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలు ఉంటాయి. ఆల్ఫా అనేవి రెండు, ఒక్కొక్కదానిలో 141 పూసలు. బీటా అనేవి రెండు, ఒక్కొక్కదానిలో 146 పూసలు. నాలుగు దండలూ చెరొక ఇనుప అణువును పట్టుకొని ఉంటాయి. ప్రాణవాయువు ఎక్కి కూర్చునేది ఆ ఇనుము మీదనే.

ఈ రూపాన్ని కనుగొనడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. ఆస్ట్రియాలో పుట్టిన మాక్స్ పెరుట్జ్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1937లో హీమోగ్లోబిన్ స్ఫటికాల మీద ఎక్స్‌రే కిరణాలు ప్రసరింపజేసి పని మొదలుపెట్టాడు. దాని ఆకారం తేటగా కనిపించేసరికి 1959 వచ్చింది. అంటే 22 సంవత్సరాలు ఒకే అణువు వెంట నడిచాడు. 1962లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

తప్పు దొరికిన రోజు

ఈలోగా అమెరికాలో లైనస్ పౌలింగ్ ఒక ప్రశ్న వేసుకున్నాడు. ఈ కణాలు ప్రాణవాయువు తగ్గినప్పుడే వంగుతున్నాయి. అలాగైతే లోపం కణంలో కాక, అందులోని హీమోగ్లోబిన్‌లోనే ఉండవచ్చు కదా? ఆయన, హార్వే ఇటానో, మరి ఇద్దరు సహచరులు రోగుల హీమోగ్లోబిన్‌ను, ఆరోగ్యవంతుల హీమోగ్లోబిన్‌ను విద్యుత్తు ప్రసరించే ద్రవంలో ఉంచి చూశారు. రెండూ వేర్వేరుగా కదిలాయి. జబ్బు లేకుండా దానిని మోస్తున్నవారి రక్తంలో రెండు రకాలూ కలిసి ఉన్నాయి. 1949లో వారు ఈ సంగతి ప్రకటించారు. ఒక జబ్బుకు మూలం ఒకే ఒక అణువులో ఉందని చూపడం అదే మొదటిసారి.

అయితే తేడా ఎక్కడ? దీనికి జవాబు వెర్నన్ ఇన్‌గ్రామ్ చెప్పాడు. జర్మనీలో పుట్టి, బాల్యంలోనే కుటుంబంతో ఇంగ్లండుకు తరలిపోయినవాడు ఆయన. కేంబ్రిడ్జిలో రెండు రకాల హీమోగ్లోబిన్‌ను ఒక జీర్ణరసంతో సుమారు 30 ముక్కలుగా కోసి, కాగితం మీద పరచి, మచ్చలుగా కనిపించేలా చేశాడు. రెండు కాగితాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే మచ్చలన్నీ ఒకేలా ఉన్నాయి, ఒక్కటి తప్ప. 1957 నాటికి ఆ ముక్కలోని తేడా తేలిపోయింది. బీటా దండలో ఆరవ పూస గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వేలైన్ అనే పూస ఉంది. తక్కిన 145 పూసలూ సరిగానే ఉన్నాయి.

గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే స్వభావం గలది. వేలైన్ నూనెలాంటిది, నీటికి దూరంగా తొలగుతుంది. ప్రాణవాయువు దిగిపోయినప్పుడు ఈ జిడ్డు పూస ప్రక్కనున్న హీమోగ్లోబిన్‌లోని ఒక చిన్న గుంటలో అతుక్కుంటుంది. అది మరొకదానికి, మరొకటి ఇంకొకదానికి అతుక్కొని పొడవైన త్రాళ్ళు తయారవుతాయి. ఆ త్రాళ్ళు బిగుసుకొని కణాన్ని కొడవలిగా వంచేస్తాయి.

అసలు దస్తావేజు, నకలు

ఆరవ పూస ఎందుకు మారింది? దండ గుచ్చేవాడికి వరుస ఎవరు చెబుతున్నారు? ఇక్కడే ఆర్.ఎన్.ఏ. కథ మొదలవుతుంది.

పొలం అసలు దస్తావేజును మనం చేను గట్టు మీదికి తీసుకుపోము. భద్రంగా పెట్టెలో ఉంచి, పనికి నకలు వాడుకుంటాం. కణం కూడా అలాగే చేస్తుంది. కణం మధ్యలోని గదిలో డి.ఎన్.ఏ. అనే అసలు దస్తావేజు ఉంటుంది. ఏ ప్రోటీను కావాలో ఆ భాగానికి మాత్రమే నకలు తయారవుతుంది. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. వార్తను మోసుకుపోయేది గనుక దానిని మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. అంటారు. ఇటువంటి నకలు నిజంగా ఉందని 1961లో సిడ్నీ బ్రెన్నర్, ఫ్రాన్స్వా జాకబ్, మాథ్యూ మెసెల్సన్ ప్రయోగంతో చూపించారు. నకలును చదివి పూసలు గుచ్చే పనిశాల పేరు రైబోసోము. దాని నిర్మాణాన్ని అణువు అణువుగా వివరించినందుకు తమిళనాడులోని చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు, మరి ఇద్దరికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

నకలులో నాలుగే అక్షరాలు ఉంటాయి: ఏ, యు, జి, సి. మూడు అక్షరాలు కలిస్తే ఒక మాట. ఒక్కొక్క మాట ఒక్కొక్క పూస పేరు. ఏ మాటకు ఏ పూస అన్న నిఘంటువును తయారుచేసిన వారిలో మన దేశపు పల్లెటూరి బిడ్డ ఒకరు ఉన్నారు. హర్ గోవింద్ ఖొరానా 1922లో పంజాబులోని రాయ్‌పూర్ అనే చిన్న గ్రామంలో జన్మించారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి పట్వారీ, అంటే మన పల్లెల్లో పూర్వం కరణం చేసినటువంటి ఉద్యోగం. సుమారు వంద మంది నివసించే ఆ ఊరిలో చదువు వచ్చిన కుటుంబం దాదాపు వారిదొక్కటే. మొదటి చదువు చెట్టు క్రింద ఊరి పంతులు దగ్గర జరిగింది. ఆ బాలుడే పెద్దవాడై అమెరికాలో, తాను కోరిన వరుసలో ఆర్.ఎన్.ఏ.లను తయారుచేసి, వాటి నుండి ఏ ప్రోటీను పుడుతుందో చూచి, మాటల అర్థం తేల్చారు. మార్షల్ నీరెన్‌బర్గ్, రాబర్ట్ హాలీలతో కలిసి ఆయన 1968లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆ నిఘంటువు ప్రకారం "జి ఏ జి" అంటే గ్లుటామిక్ ఆమ్లం. "జి యు జి" అంటే వేలైన్. మధ్య అక్షరం ఒక్కటే తేడా. అసలు దస్తావేజులోనే ఆ అక్షరం తప్పి ఉంటే నకలూ తప్పే, నకలు తప్పయితే పూసా తప్పే. పనివాడిది తప్పు కాదు. వాడు తనకిచ్చిన కాగితం ప్రకారమే గుచ్చాడు.

ఇంకొక ఆశ్చర్యం. మన ఎముకల మూలుగలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర కణాలు తయారవుతాయి. తయారయ్యే చివరి దశలో ఎర్ర కణం తన మధ్య గదిని, అందులోని అసలు దస్తావేజుతో సహా, బయటికి నెట్టివేస్తుంది. అయినా మిగిలి ఉన్న నకళ్ళను చదువుతూ ఒకటి రెండు రోజులు హీమోగ్లోబిన్ తయారుచేస్తూనే ఉంటుంది. నకలు ఎవరి చేతికిచ్చినా పని జరుగుతుందా అని 1971లో జాన్ గర్డన్, ఆయన సహచరులు పరీక్షించారు. కుందేలు హీమోగ్లోబిన్ నకలును తీసి కప్ప గ్రుడ్డు కణంలోనికి ఎక్కించారు. కప్ప కణం కుందేలు హీమోగ్లోబిన్‌ను తయారుచేసింది! ఈ నాలుగు అక్షరాల భాష కప్పకూ కుందేలుకూ ఒకటే, మనకూ అదే.

తల్లిదా తప్పు? తండ్రిదా?

ఇప్పుడు కుటుంబాలకు అవసరమైన మాటకు వద్దాం. ప్రతి మనిషికి ఈ దస్తావేజు రెండు ప్రతులుగా ఉంటుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. రెంటిలో ఒకటే తప్పయితే ఆ మనిషికి సాధారణంగా ఏ బాధా ఉండదు. పొలం పని చేసుకుంటాడు, పిల్లలను కంటాడు, తనలో తప్పు ప్రతి ఉన్నదని తెలియకుండానే జీవిస్తాడు. అటువంటివారిని వాహకులు అంటారు. రెండు ప్రతులూ తప్పయితేనే జబ్బు వస్తుంది.

అంటే బిడ్డకు జబ్బు వచ్చిందంటే తల్లి నుండి ఒక తప్పు ప్రతి, తండ్రి నుండి ఒక తప్పు ప్రతి వచ్చినట్లే. కోడలిని ఒక్కదానినే నిందించే అత్తమామలు ఈ మాట బాగా గమనించాలి. ఇందులో ఎవరి నేరమూ లేదు. చేతబడీ లేదు, శాపమూ లేదు. ప్రక్కన కూర్చుంటే, కలిసి భోంచేస్తే అంటుకునే జబ్బు అసలే కాదు.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగు పాళ్ళలో ఒక పాలు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంది. రెండు పాళ్ళు వాహకుడయ్యే అవకాశం. ఒక పాలు ఏ తప్పూ లేని బిడ్డ పుట్టే అవకాశం. ఇక్కడ చాలామంది పొరబడతారు. "మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక తరువాతి ముగ్గురికీ రాదు" అనుకుంటారు. అలా కాదు. బొమ్మా బొరుసా వేసినప్పుడు మొదటిసారి ఏది పడిందో నాణేనికి గుర్తుండదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటి నుండే.

ఒకరు వాహకులై రెండవవారు కాకపోతే, పిల్లలలో ఎవరికీ ఈ జబ్బు రాదు, సగం పాళ్ళు వాహకులు కావచ్చు. కాబట్టి వాహకులు పెండ్లి చేసుకోకూడదని ఎక్కడా లేదు. ఇద్దరూ వాహకులేమో ముందుగా తెలుసుకోవాలి, అంతే. మేనరికాలు చేసుకునే ఇళ్ళలో ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే తాత నాటి తప్పు ప్రతి రెండు వైపుల నుండీ వచ్చే వీలు ఉంటుంది.

ఇంత కీడు చేసే తప్పు ఇన్ని తరాలుగా ఎందుకు నిలిచింది? దీనికీ జవాబు ఉంది. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి, ఒకే తప్పు ప్రతి ఉన్న పిల్లలకు ప్రాణాంతకమైన మలేరియా నుండి కొంత రక్షణ ఉందని చూపించాడు. మన్యంలో మలేరియా తాతముత్తాతల నాటి శత్రువని మనకు తెలుసు. 1952లోనే నీలగిరి గిరిజనులలో కొడవలి కణాలు కనుగొన్నారు. తరువాత మధ్య భారతమంతటా, మన ఏజెన్సీలోనూ కనిపించాయి.

చికిత్స ఎంతవరకు వచ్చింది?

జబ్బు ఉన్న బిడ్డ పుట్టగానే బాధపడడు. మొదటి కొన్ని నెలలు బాగానే ఉంటాడు. గర్భంలో ఉన్నప్పుడు తయారయ్యే హీమోగ్లోబిన్‌లో బీటా దండకు బదులు గామా అనే దండ ఉండడమే దీనికి కారణం. అందులో ఈ తప్పు లేదు. ఆ శిశు హీమోగ్లోబిన్ తగ్గిపోయి బీటా దండ వచ్చేసరికి, అంటే సుమారు ఆరు నెలల వయస్సులో, బాధలు మొదలవుతాయి. చేతులూ పాదాలూ వాచి బిడ్డ ఏడుస్తుంటే అది తొలి గుర్తు కావచ్చు.

శిశు హీమోగ్లోబిన్‌ను తిరిగి పెంచగలిగితే? హైడ్రాక్సీయూరియా అనే మందు ఆ పని కొంతవరకు చేస్తుంది. అమెరికాలో 1998లో దీనికి అనుమతి లభించింది. మన దేశంలోనూ దొరుకుతుంది. నొప్పులు రావడం, రక్తం ఎక్కించవలసి రావడం తగ్గుతాయి. అయితే వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ మాత్రమే వాడాలి. కొత్త రక్తం పట్టడానికి ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. సరిపడే తోబుట్టువు ఉంటే ఎముక మూలుగ మార్పిడితో జబ్బు పూర్తిగా నయం కావచ్చు.

ఇటీవల ఆర్.ఎన్.ఏ. మరొక విధంగా సాయానికి వచ్చింది. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పాంటియే ఒక పద్ధతి చూపించారు. చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్క దారి చూపుతుంది, కాస్-9 అనే ప్రోటీను కత్తెరలా డి.ఎన్.ఏ.ను సరిగ్గా ఆ చోటనే కత్తిరిస్తుంది. దీనికి వారు 2020లో నోబెల్ బహుమతి పొందారు. శిశు హీమోగ్లోబిన్‌ను అణచిపెట్టే ఒక మీటను ఈ కత్తెరతో కత్తిరిస్తే అది మళ్ళీ తయారవడం మొదలవుతుంది. ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్‌లోను, డిసెంబరులో అమెరికాలోను అనుమతి లభించింది. అయితే అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. చికిత్సలో మూలుగను బలమైన మందులతో ఖాళీ చేయవలసి ఉంటుంది. కూలి చేసుకునే తల్లిదండ్రులకు అది ఆకాశంలోని చందమామే. తక్కువ ఖర్చుతో దీనిని అందించాలని ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. అనే ప్రభుత్వ సంస్థ శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు.

మనం చేయగలిగినది

చందమామ అందేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. 17 రాష్ట్రాలలో, 40 ఏండ్ల లోపు వయస్సు గల 7 కోట్ల మందికి పరీక్ష చేయడం దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని అడగండి. వ్రేలి నుండి తీసే రక్తపు చుక్కతో మొదటి పరీక్ష అయిపోతుంది. అందులో అనుమానం వస్తే రెండవ పరీక్షతో నిర్ధారిస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ వ్యాధి కూడా చేరింది గనుక, జబ్బు ఉన్నవారు ధ్రువీకరణ పత్రం గురించి కూడా విచారించాలి.

జబ్బు ఉన్న బిడ్డ ఇంట్లో ఉంటే కొన్ని జాగ్రత్తలు పాటించండి. నీళ్ళు తరచుగా త్రాగించండి, ఎండాకాలంలో మరీ ముఖ్యం. చలిలో, వానలో తడవనీయకండి. అలసిపోయేటంత పని చెప్పకండి. టీకాలు ఒక్కటీ మానవద్దు. జ్వరం వస్తే "రేపు చూద్దాం" అనక అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలో చెయ్యో పడిపోవడం, పొట్ట ఎడమ ప్రక్క ఉబ్బి బిడ్డ పాలిపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. నాటువైద్యుని దగ్గర వాతలు పెట్టించి కాలం పోగొట్టుకోవద్దు.

పెండ్లి మాటలు జరిగే ఇళ్ళకు మరొక మనవి. కట్నకానుకలు, పొలం, ఉద్యోగం అన్నీ విచారిస్తాం. ఈ ఒక్క రక్తపరీక్ష మాత్రం అడగడానికి సంకోచిస్తాం. సంఘంలో వివాహ ప్రకటన చదివే వేళకు శుభలేఖలు పంచి ఉంటారు. అప్పుడు తెలిస్తే ఇరువైపులా తలవంపులు. నిశ్చితార్థానికి ముందే, అబ్బాయికీ అమ్మాయికీ కూడా, పరీక్ష చేయించండి. ఒక్క అమ్మాయికే చేయించడం న్యాయం కాదు. ఫలితం ఇరు కుటుంబాల మధ్యనే ఉండాలి, ఊరంతా చాటరాదు. ఇప్పటికే పెండ్లి అయి ఇద్దరూ వాహకులని తెలిసినవారు విడిపోనవసరం లేదు. గర్భం ధరించిన తొలి నెలల్లోనే పెద్ద ఆసుపత్రిలో సలహా పొందవచ్చు. బిడ్డ పుట్టిన వెంటనే పరీక్ష చేయించి, మొదటి నుండే మందులు మొదలుపెట్టవచ్చు.

మన సంఘ పెద్దలు, స్త్రీల సమాజపు అక్కలు ఈ సంగతి తమ కూడికలలో ఒకసారి చెప్పగలిగితే ఎంతో మేలు. ప్రతి నెలా నొప్పులతో బడి మానేసే పిల్లవాడు మన వీధిలోనే ఉండవచ్చు. వాడు సోమరి అని మాస్టారు, వాడి తల్లి దురదృష్టవంతురాలని ఇరుగుపొరుగు అనుకుంటూ ఉండవచ్చు. ఆ తల్లి చేయి పట్టుకొని పరీక్షకు తీసుకుపోయేవారు ఒక్కరు కావాలి. ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్ళేటప్పుడు, అటువంటి ఇల్లు ఏదైనా ఉందేమో ఆలోచించి, ఒక్కసారి తలుపు తట్టండి.